సొరుగులోని కవరు

ప్రశ్న: అయ్యగారికి ప్రభువు నామంలో వందనాలు. నా వయస్సు 27 ఏళ్ళు. నాన్నగారు ఉద్యోగంలో ఉండగానే చనిపోవడంతో కారుణ్య నియామకం కింద నాకు జూనియర్ అసిస్టెంట్ ఉద్యోగం వచ్చింది. భూముల కాగితాల కోసం, ధ్రువపత్రాల కోసం జనం వచ్చే కార్యాలయం మాది. చేరిన కొత్తలోనే, ఒక శుక్రవారం సాయంత్రం నేను టీ తాగి వచ్చేసరికి నా బల్ల సొరుగులో ఒక కవరు ఉంది. అప్పటి నుంచి ప్రతి శుక్రవారం ఉంటోంది. నేను ఎవరినీ డబ్బు అడగలేదు, ఎవరినీ ఊరికే తిప్పలేదు. వారమంతా వచ్చినదాన్ని మా సీనియర్ అసిస్టెంట్ గారు సీట్లవారీగా పంచుతారు. నా వాటా 1,500 రూపాయల దాకా ఉంటుంది. ఎనిమిది నెలల్లో దాదాపు 50,000 రూపాయలైంది. మొదట్లో వద్దన్నాను. “నువ్వొక్కడివే పరిశుద్ధుడివా, మేమంతా పాపులమా?” అని నవ్వి, అప్పటి నుంచి నన్ను ‘పాస్టరుగారు’ అని పిలుస్తున్నారు. ఆ డబ్బులో కొంత కానుకల పెట్టెలో వేశాను, కొంత అమ్మ మందులకు వాడాను. మా సంఘ పెద్ద ఒకరిని అడిగితే, “లోకంలో ఉన్నన్నాళ్ళు లోకం తీరు తప్పదు బాబూ, పదో వంతు దేవునికి ఇచ్చేసెయ్, మిగిలింది ఆయనే చూసుకుంటాడు” అన్నారు. చెల్లి పెళ్ళి జనవరిలో ఉంది. రొట్టె, ద్రాక్షరసం పుచ్చుకోవడానికి ప్రభువు బల్ల దగ్గరికి వెళ్ళాలంటే నా చేతులు వణుకుతున్నాయి. ఇలాంటి లోకంలో దేవునికి లోబడి బ్రతకడం నిజంగా సాధ్యమేనా? ఉద్యోగం మానెయ్యమంటారా?
— ఒక సహోదరుడు

సమాధానం: తమ్ముడూ, మీరు సూటిగా అడగకపోయినా ఉత్తరమంతటా నలుగుతున్న ప్రశ్న ఒకటుంది. ముందు దానికి సమాధానం చెప్పి, తరువాత మిగతా సంగతులకు వస్తాను. ఆ కవరు లంచమే. మీరు చెయ్యి చాపలేదన్నది నిజమే కావచ్చు, కానీ సొరుగు తెరిచి, కవరు తీసి, జేబులో పెట్టుకున్నది మీ చెయ్యే. దీన్ని మెత్తని మాటలతో చెప్పడం మీకు మేలు కాదని తెలిసే ఇంత సూటిగా రాస్తున్నాను. అలాగే ఇంకొక మాట కూడా అంతే సూటిగా చెప్పాలి: ప్రభువు బల్ల దగ్గర మీ చేతులు వణకడం దేవుడు మిమ్మల్ని విడిచిపెట్టాడనడానికి గుర్తు కాదు. మనస్సాక్షి మొద్దుబారిపోయినవాడి చేతులు వణకవు. ఎనిమిది నెలల తరువాత కూడా మీవి వణుకుతున్నాయంటే పరిశుద్ధాత్ముడు మీతో ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడని నేను నమ్ముతున్నాను.

ఇక ఉద్యోగం సంగతి. మానెయ్యమని నేను చెప్పను, ఎందుకంటే ఇటువంటి ప్రశ్నే అడిగినవారికి లేఖనంలో ఒక జవాబు ఉంది, అందులో ఉద్యోగం మానమన్న మాట లేదు. లూకా సువార్త 3వ అధ్యాయంలో బాప్తిస్మమిచ్చు యోహాను దగ్గరికి సుంకరులు వచ్చి, మేము ఏమి చెయ్యాలని అడిగారు. ఆనాటి సుంకరి అంటే రోమా ప్రభుత్వం కోసం పన్ను వసూలు చేస్తూ, దాని మీద తనకు తోచినంత పిండుకుని, సొంత జనం చేతనే ద్రోహి అనిపించుకున్నవాడు. ఒంటెల రోమాల వస్త్రం కట్టుకుని, మిడతలు, అడవితేనె తిని బ్రతికిన ఆ ప్రవక్త, అంత కఠినమైనవాడు, వాళ్ళతో సుంకపు మెట్టు వదిలేసి అరణ్యానికి రమ్మంటాడని మనం అనుకుంటాం. ఆయన అలా అనలేదు. మీకు నిర్ణయించినదానికంటే ఎక్కువ తీసుకోవద్దని చెప్పాడు. సైనికులకు కూడా కత్తి దింపమని కాక, ఎవరినీ బెదిరించి గుంజుకోవద్దనీ, మీ జీతంతో తృప్తిపడమనీ చెప్పాడు. ఆ చివరి మాట ఏ జీతగాడికైనా సరిగ్గా తగులుతుంది.

యేసు ప్రభువు కూడా తన శిష్యుల కోసం తండ్రిని ప్రార్థించినప్పుడు, వీరిని లోకంలో నుంచి తీసుకుపొమ్మని అడగలేదు, దుష్టుని నుంచి కాపాడమని అడిగాడు. అది యోహాను 17వ అధ్యాయంలో ఉంది. అహాబు రాజు ఇంటి మీద గృహనిర్వాహకుడైన ఓబద్యాను గుర్తుచేసుకోండి. అహాబు భార్య యెజెబెలు ప్రవక్తలను వెదికి చంపిస్తున్న రోజుల్లో, అదే అంతఃపురంలో ఉద్యోగం చేస్తూనే, నూరుగురు ప్రవక్తలను గుహకు ఏభైమంది చొప్పున దాచి, కరవు కాలంలో వాళ్ళకు అన్నపానాలు అందించినవాడు ఆయన. యెహోవాయందు భయభక్తులు గలవాడు ఆ కొలువులో ఎలా ఉన్నాడని మనకు ఆశ్చర్యంగా ఉంటుంది గాని, ఆ కొలువులో ఉండబట్టే ఆయన చేతిలో నూరు ప్రాణాలు నిలిచాయి. ఫైలు కదలక అల్లాడే పేదవాడికి మీ సీటులో దేవుని బిడ్డ ఒకడు కూర్చుని ఉండటం ఎంత మేలో ఆలోచించండి. మీరు లేచి వెళ్ళిపోతే ఆ కుర్చీ ఖాళీగా ఉండదు, మరొకరు వస్తారు, సొరుగు మాత్రం అదే.

అయితే ఉండటమంటే అన్నిటికీ సరేననడం కాదు. ఏది భరించవచ్చు, ఏది భరించకూడదు అన్న గీత ఎక్కడ గియ్యాలన్నదే ఈ విషయంలో అసలు చిక్కు. రాజుల రెండవ గ్రంథం 5వ అధ్యాయాన్ని ఒక్కసారి మొదటి నుంచి చివరి దాకా మధ్యలో లేవకుండా చదవండి. కుష్ఠరోగం నయమైన సిరియా సేనాపతి నయమాను ఎలీషా ప్రవక్తతో ఒక ఇబ్బంది చెప్పుకున్నాడు: నా యజమాని రిమ్మోను గుడికి వెళ్ళి నా చేతిమీద ఆనుకుని మొక్కేటప్పుడు ఉద్యోగ ధర్మంగా నేనూ వంగవలసి వస్తుంది, ఆ ఒక్క విషయంలో యెహోవా నన్ను క్షమించాలి అన్నాడు. ప్రవక్త అతన్ని గద్దించలేదు, సమాధానంగా వెళ్ళమన్నాడు. అదే అధ్యాయంలో, ప్రవక్త ఇంట్లోనే ఉంటూ, ప్రార్థన మాటల మధ్యనే బ్రతుకుతున్న సేవకుడు గేహజీ, నయమాను రథం వెనక పరుగెత్తి, కట్టుకథ చెప్పి, రెండు సంచుల వెండీ రెండు జతల బట్టలూ తెచ్చుకుని లోపల దాచుకున్నాడు. కుష్ఠం అతనికి పట్టింది. అన్యదేవత గుడిలో తలవంచవలసి వచ్చినవాడు శుద్ధుడిగా వెళ్ళాడు, దైవజనుని ఇంట్లో డబ్బు దాచినవాడు రోగిగా బయటికి వచ్చాడు. ఈ రెండింటినీ లేఖనం పక్కపక్కనే ఉంచడం నన్ను ఎన్నో ఏళ్ళుగా ఆలోచింపజేస్తోంది. మన చుట్టూ ఉన్న లోకం ఎలాంటిదన్నదానికంటే, మనం ఏది కోరుకుని దాని వెనక పరుగెత్తామన్నదాన్ని దేవుడు ఎక్కువగా చూస్తాడని నాకు అర్థమైంది.

దానియేలు కూడా ఇలాగే గీత గీశాడు. నెబుకద్నెజరు అతన్ని యెరూషలేము నుంచి చెరపట్టి తెచ్చాడు, కల్దీయుల విద్య నేర్పించాడు, దేవుని పేరు కలిసిన అతని పేరు తీసేసి బెల్తెషాజరని పెట్టించాడు. ఇన్నీ అతను ఓర్చుకున్నాడు. రాజు పెట్టే భోజనం తిని అపవిత్రుణ్ణి కాకూడదని, భోజనం దగ్గర మాత్రం ఆగాడు. మన పిల్లలకు ఆదివారం బడిలో, ప్రార్థన మాననందుకు అతన్ని పడేసిన సింహాల గుహ బొమ్మ చూపిస్తాం గాని, ఆ సింహాల గుహకు ఆరు పదుల ఏళ్ళకు పైగా ముందు ఒక కంచం ఉంది. ఆ కంచం దగ్గర లొంగిపోయి ఉంటే, ముసలితనంలో కిటికీ తెరిచి ప్రార్థించే దానియేలు మనకు ఉండేవాడు కాడు. మీ కంచం ఆ సొరుగే, తమ్ముడూ. కార్యాలయంలో పెట్టిన వెటకారపు పేరు, టీ దగ్గర ఎగతాళి, మీకు నచ్చని మాటల మధ్య రోజూ ఎనిమిది గంటలు కూర్చోవడం, ఇవన్నీ భరించండి. వాటి గురించి దేవుడు మిమ్మల్ని లెక్క అడగడు. కవరును మాత్రం భరించకండి.

మీ సంఘ పెద్దగారి మాటకు వస్తాను. ఆయన మీద నాకు కోపం లేదు, మీ ఇంటి పరిస్థితి తెలిసి, జాలితో చెప్పి ఉంటారు. కానీ ఆ సలహా తప్పు, దాన్ని మొహమాటానికి పోయి సమర్థించలేను. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో, వేశ్య పడుపు సొమ్మును ఏ మొక్కుబడి కింద కూడా దేవుని మందిరానికి తేకూడదని ఆజ్ఞ ఉంది. చెడ్డదారిన వచ్చిన సొమ్ము మందిరపు గుమ్మం దాటితే మందిరం మురికవుతుందే గాని సొమ్ము శుద్ధి కాదు. యేసును అప్పగించి యూదా తెచ్చి పారేసిన ముప్పది వెండి నాణేలను ప్రధానయాజకులు సైతం కానుకల పెట్టెలో వెయ్యడానికి జంకి, కుమ్మరివాని పొలం కొన్నారు. నిరపరాధిని చంపించడానికి జంకని మనుషులు కూడా ఆ డబ్బును మందిరంలోకి రానివ్వలేదు. అలాంటప్పుడు పదో వంతు ఇస్తే మిగిలిన తొమ్మిది వంతులు మనవైపోతాయని మనం ఏ వచనాన్ని చూపించి అనగలం? దశమభాగం అంటే, వచ్చినదంతా దేవుడిచ్చిందేనని ఒప్పుకోవడం. ఆయన ఇవ్వనిదాంట్లో నుంచి ఆయనకు వాటా తియ్యడమంటే, ఆ శుక్రవారపు పంపకంలో దేవునికి కూడా ఒక సీటు వేసినట్టే అవుతుంది. ఈ మాట రాయడానికి నాకే భయమేస్తోంది, కానీ జరుగుతున్నది అదే.

మన తెలుగు సంఘ చరిత్రలో ఈ విషయంలో నేను ఎప్పుడూ గర్వపడే ఘట్టం ఒకటుంది. 1876 నుంచి 1878 వరకు సాగిన ఘోర కరవులో, ఒంగోలులో సేవ చేస్తున్న మిషనరీ జాన్ క్లౌ దొరగారు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకం పనిని కాంట్రాక్టుకు తీసుకుని, ఆకలితో చస్తున్న వేలమందికి కూలి ఇచ్చి బ్రతికించారు. ఆ రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులు గుంపులుగా అడిగారు. లెక్క చూపించుకోవాలనుకునేవారికి అంతకంటే మంచి తరుణం ఉండదు. అయినా కూలి డబ్బూ విశ్వాసమూ కలిసిపోకూడదని, కరవు పని సాగినన్నాళ్ళూ ఆయన ఎవరికీ బాప్తిస్మం ఇవ్వలేదు. పని ముగిసి, ఇచ్చేందుకు చేతిలో కూలి లేని రోజున, 1878 జూలై 3న, గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు. డబ్బు మరక అంటకుండా సంఘాన్ని కాపాడటానికి మన పెద్దలు అంతగా ఆగారు. అటువంటి సంఘాల వారసులం మనం. కానుకల పెట్టెలోకి ఏం పడుతుందో అడగకుండా ఉండేంత నిర్లక్ష్యం మనకు తగదని ఇక్కడ పెద్దలందరికీ, నాతో సహా, మనవి చేస్తున్నాను.

ఇప్పుడు నా సంగతి ఒకటి చెప్పాలి. మీకంటే మూడేళ్ళు చిన్నవాడిగా ఒక ప్రభుత్వ కార్యాలయంలో నేను గుమాస్తాగా చేరాను. పింఛను కాగితాల సీటు. అక్కడ కూడా పంపకం ఉండేది, పండగకు ముందు ఎక్కువగా ఉండేది. దాన్ని నేను పండగ బహుమానం అనుకునేవాడిని, అనుకోవడం అలవాటు చేసుకున్నాను. ఒక రోజు మధ్యాహ్నం, మా పెద్ద గుమాస్తా భోజనానికి వెళ్ళిన సమయంలో, ఒక వితంతువు కుటుంబ పింఛను కోసం వచ్చింది. ఎండలో నడిచి వచ్చిందేమో, మెడంతా చెమట. కాగితాలు నా ముందు పెట్టి, నేను ఏమీ అనకముందే, చీర కొంగు చివర ముడి విప్పడం మొదలుపెట్టింది. ముడి గట్టిగా బిగుసుకుపోయి ఉంది. పళ్ళతో లాగి విప్పింది. లోపల చిన్నగా మడతపెట్టిన అయిదు, పది రూపాయల నోట్లు చెమటకు తడిసి ఒకదానికొకటి అంటుకుని ఉన్నాయి. వాటిని ఒక్కొక్కటిగా విడదీసి, నా బల్ల మీద అరచేత్తో సాపు చేసి, “లెక్క చూసుకో బాబూ, నిరుడు మా పక్కింటామె కూడా ఇంతే ఇచ్చిందంట” అంది. ఆమె గొంతులో కోపం లేదు, ఏడుపు లేదు. బస్సు టిక్కెట్టుకు డబ్బులిచ్చినట్టు ఇచ్చింది.

అప్పటిదాకా నేను చూసింది కవరునే. తెల్లగా, శుభ్రంగా, పేరు లేకుండా ఉండే కవరు. అది ఎన్ని కొంగుముళ్ళు విప్పితే నిండుతుందో ఆ రోజే చూశాను. ఆ నోట్లు ఆమె చేతిలో తిరిగి పెట్టి, కాగితాలు ఆ పూటే రాసి పంపాను. అది నా గొప్పతనం కాదు, అంతకుముందు నాకు ముట్టిన వాటాలన్నీ అలాంటి ముళ్ళలో నుంచి వచ్చినవేనని తెలిసి సిగ్గుతో చేసిన పని. “నేను ఎవరినీ అడగలేదు” అని మీరు రాశారు. నేనూ అడగలేదు. అడిగే పని ఇంకొకరికి అప్పగించి, వాటా మాత్రం మనం తీసుకున్నాం, అంతే తేడా. లంచం చూపు గలవారికి గుడ్డితనం కలిగిస్తుందని నిర్గమకాండం 23వ అధ్యాయం చెబుతుంది. ఆ గుడ్డితనానికి మొదటి మెట్టు, డబ్బు ఇచ్చినవారి మొహం మనకు కనపడకపోవడమే.

మరి రేపటి నుంచి ఏం చెయ్యాలి? దానియేలు ఏ తీరులో వద్దన్నాడో చూడండి. భోజనశాలలో కంచం విసిరికొట్టలేదు, తోటివారి ముందు ప్రసంగం చెయ్యలేదు. ముందు తన మనసులో నిశ్చయించుకుని, ఆ తరువాత నపుంసకుల అధిపతిని బతిమాలుకున్నాడు. ఆయన, రాజు నా తల తీయిస్తాడని భయపడితే, ఆ భయాన్ని అర్థం చేసుకుని, తమ మీద నియమించిన అధికారితో పది రోజులు పరీక్షించి చూడమని అడిగాడు. మీరూ శుక్రవారం దాకా ఆగకండి. శుక్రవారం కవరు చేతిలో ఉండగా వాదించడం కష్టం. సోమవారమో మంగళవారమో, సీనియర్ అసిస్టెంట్ గారు ఒంటరిగా ఉన్నప్పుడు వెళ్ళి, “సార్, ఇన్నాళ్ళూ నేను తీసుకున్నాను, అది నా తప్పు. ఇక నా వాటా వద్దు. మీకు నీతులు చెప్పడానికి రాలేదు, నా మనస్సాక్షి ఒప్పుకోవడం లేదు” అని చెప్పండి. ఆయనకు వెంటనే వచ్చే అనుమానం, ఈ కుర్రవాడు బయట చెబుతాడేమోనని. అడిగితే దాచకండి: “నేను మీ మీద కాపలా కాయను, కానీ ఎవరైనా నన్ను అడిగితే అబద్ధం చెప్పను” అనండి. ఈ మాట చెప్పడం కష్టమని నాకు తెలుసు. కానీ దీన్ని మింగేసి ఒప్పుకుంటే, కవరు వదిలి అబద్ధాన్ని పట్టుకున్నట్టవుతుంది. ఇంకొకటి, సొరుగుకు ఒక చిన్న తాళం కొనుక్కుని, టీకి వెళ్ళేటప్పుడు వేసుకు వెళ్ళండి. నవ్వుతారు, నవ్వనివ్వండి. ప్రార్థన చేసుకుని సొరుగు తెరిచి ఉంచడం కంటే, ప్రార్థన చేసుకుని తాళం వెయ్యడం మంచిది.

చట్టం సంగతి కూడా తెలిసి ఉండాలి. 1988 నాటి అవినీతి నిరోధక చట్టం కింద, 2018 సవరణ తరువాత, లంచం తీసుకున్న ప్రభుత్వోద్యోగికి మూడేళ్ళకు తక్కువ కాకుండా ఏడేళ్ళ వరకు జైలు, దానిపై జరిమానా పడతాయి. ఏసీబీ వాళ్ళు నోట్లకు పూసే పొడి మన చేతికి అంటితే, వాళ్ళు ఇచ్చే ద్రావణంలో వేళ్ళు ముంచగానే ఆ నీళ్ళు గులాబీ రంగుకు తిరుగుతాయి. అయితే ఆ గులాబీ నీళ్ళకు భయపడి మానకండి. ఆ భయంతో మానినవాడు, పట్టుకునేవాడు లేడని తెలిసిన రోజున మళ్ళీ తీసుకుంటాడు. పోతీఫరు ఇంట్లో యజమాని భార్య పాపానికి పిలిచినప్పుడు యోసేపును చూసేవాడు ఎవడూ లేడు, ఇంటివారు ఎవరూ లోపల లేరని లేఖనమే చెబుతుంది. అతన్ని ఆపింది, దేవునికి విరోధంగా పాపం ఎలా చేస్తానన్న ఒక్క ప్రశ్న.

ఇక మీ పని. దీని మీద నేను కొంచెం గట్టిగా చెబుతాను, ఎందుకంటే మన విశ్వాసులు చాలామంది ఇక్కడే పడిపోతారు. కవరు వద్దన్న మనిషి ఫైళ్ళు పేరబెట్టుకుని, ఆలస్యంగా వచ్చి, ప్రార్థన కూడిక ఉందని ముందే లేచిపోతే, అతని సాక్ష్యానికి విలువ ఉండదు. దానియేలు శత్రువులు అతని పనిలో తప్పు వెదికి వెదికి, అతడు నమ్మకస్థుడు గనుక ఏ తప్పు గాని నిర్లక్ష్యం గాని కనిపెట్టలేక, చివరికి అతని ప్రార్థననే నేరంగా మార్చవలసి వచ్చింది. మీ మీద కూడా వాళ్ళకు దొరికే తప్పు అదొక్కటే అయ్యేలా పని చెయ్యండి. వచ్చిన తపాలు కాగితాలు ఆ రోజే రిజిస్టరులో ఎక్కించండి, ఏ కాగితం తక్కువైందో అర్జీదారుకు ఒకేసారి పూర్తిగా చీటీ రాసి ఇవ్వండి. ఒకరోజు ఒకటి, మరోరోజు ఇంకొకటి అడిగి తిప్పడంలోనే మామూలు పుడుతుంది. మీ సీటులో ఆ తిప్పడం లేకపోతే, మీ వరకు వాటా పుట్టే చోటే మూసుకుపోతుంది. కళ్ళముందే ఎవరినైనా పీడిస్తుంటే, తెలంగాణలోనైతే ఏసీబీ 1064 నంబరు ఉందని అతనికి చెప్పడానికి జంకకండి. కానీ పక్కవాడి కంట్లో నలుసు తీసే ముందు మన కంట్లో దూలం తీసుకోమన్న ప్రభువు మాట ఉంది గనుక, ఆ పనికి ముందు మీ సొరుగు ఖాళీ కావాలి.

ఇదంతా చేస్తే దేవుడు వెంటనే ప్రమోషను ఇస్తాడని నేను మాట ఇవ్వలేను. అలా మాట ఇచ్చే బోధను నమ్మకండి. యోసేపు పాపానికి లొంగనందుకు దొరికింది చెరసాల. పదిహేడేళ్ళవాడు అన్నల చేత అమ్ముడుపోయి ఫరో ముందు నిలబడేసరికి ముప్పై ఏళ్ళు వచ్చాయి. మధ్యలో, తనను గుర్తుపెట్టుకోమని యోసేపు వేడుకున్న పానదాయకుల అధిపతి అతన్ని మరచిపోయిన తరువాత నిండా రెండేళ్ళు గడిచాయి. మీకు దూరపు బదిలీ రావచ్చు, అప్రధానమైన సీటు ఇవ్వవచ్చు, రహస్య నివేదికలో ఒక చెడ్డమాట పడవచ్చు. అన్నిటికంటే బాధపెట్టేది, సాయంత్రం టీకి మిమ్మల్ని పిలవడం మానెయ్యడం. నాకు అదే ఎక్కువ గుచ్చుకుంది. అప్పుడు కూడా వాళ్ళ మీద పగ పెట్టుకోకుండా, వాళ్ళ ఇళ్ళలో జ్వరం వస్తే పలకరించి, పని ఎక్కువైతే ఒక చెయ్యి వెయ్యండి. మంచి చేసి బాధపడటం దేవునికి హితమని పేతురు రాశాడు గాని, మొండితనం వల్ల వచ్చిన బాధను ఆయన ఆ లెక్కలో కలపలేదు.

తీసుకున్న 50,000 మాట మిగిలింది. సుంకరి జక్కయ్య తాను అన్యాయంగా తీసుకున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. సంఖ్యాకాండం 5వ అధ్యాయం, తప్పు ఒప్పుకుని, అసలుకు అయిదో వంతు కలిపి నష్టపోయినవారికి ఇమ్మంటుంది, తీసుకునే దగ్గరివాడు ఎవరూ లేకపోతే అది యెహోవాదై యాజకునికి చెందుతుందని కూడా చెబుతుంది. “అలాగైతే నేను కానుకల పెట్టెలో వేసింది తప్పెలా అయింది?” అని మీరు అడగవచ్చు. తప్పు ఒప్పుకుని, మాని, యజమాని దొరకనప్పుడు విడిచిపెట్టే సొమ్ము వేరు. మానకుండా, వచ్చే శుక్రవారం కోసం మనసును ఊరడించుకునే సొమ్ము వేరు. ఎవరి దగ్గర వచ్చిందో తెలిస్తే వాళ్ళకు చేర్చండి. తెలియనిదాన్ని, అయిదో వంతు కలిపితే 60,000 అవుతుంది, మీ జీతంలో నుంచి నెలకు కొంత చొప్పున పక్కకు తీసి, కార్యాలయాల చుట్టూ తిరిగే దిక్కులేనివారి అవసరాలకు, మీ పేరు తెలియకుండా ఖర్చు చెయ్యండి. సంఘంలో నలుగురి ముందు చదవవలసిన సాక్ష్యం కాదిది. అయితే దీనికి చట్టపరమైన కోణం కూడా ఉంది గనుక, ముందుగా నమ్మకస్థుడైన ఒక న్యాయవాదిని కలవండి. ఆయన ఏం చెప్పినా, తీసుకోవడం మానడం మాత్రం ఆ సలహా కోసం ఆగకూడదు.

ఒకవేళ ఏదో ఒక శుక్రవారం మళ్ళీ లొంగిపోతే, ఇక నావల్ల కాదని చేతులెత్తెయ్యకండి. సోమవారం దాకా ఆగకుండా ఆ కవరును ఆ సాయంత్రమే తిరిగి ఇచ్చెయ్యండి.

చివరగా మీ అమ్మగారి విషయం. ఆమెకు మీరు ఇంకా చెప్పలేదని ఉత్తరం చదివితే అనిపిస్తోంది. చెప్పండి. మందులకు ఆ డబ్బు వాడారని తెలిస్తే బాధపడుతుందని మీ భయం కావచ్చు, కానీ ఈ పోరాటం ఆ ఇంట్లో మీరు ఒక్కరే రహస్యంగా మొయ్యగలిగేది కాదు. ఈ ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక, చెల్లిని కూడా కూర్చోబెట్టుకుని, జీతం కాగితం, మందుల చీటీ, పెళ్ళి ఖర్చుల లెక్క మూడూ ముందు పెట్టుకుని మాట్లాడండి. నెలకు ఆరు వేలు తగ్గితే ఏది ఆగుతుందో, పెళ్ళిలో ఏది తగ్గించవచ్చో ముగ్గురూ కలిసి రాసుకోండి. భోజనాలు నూరు విస్తళ్ళతో ముగించినా పెళ్ళి పెళ్ళే. ఆ కాగితం మీద ముగ్గురూ చేతులుంచి ప్రార్థన చేసుకుని, సోమవారం ఉదయం తాళం కొనుక్కుని వెళ్ళండి. ఆ వారం ఎలా గడిచిందో నాకు రాయండి. మీ పేరు చెప్పకుండా, ప్రతి శుక్రవారం సాయంత్రం నాలుగు గంటలకు మీ కోసం మోకరిస్తాను.